చెవి గాటు

ఇవాళ గాలి గంటకి నూట పది.
వీధి మలుపుల్లో తాళ్లు కట్టారు
మనుషులు పట్టుకుని నడవడానికి.
ఆ తాడు పట్టుకునే ల్యాబుకి వచ్చాను.
గ్లౌజు తొడిగాక కూడా అరచేతిలో దాని గరుకు.

పుంతా అరేనాస్.
భూమి ఇక్కడితో సరి అని
పటాలు గీసేవాళ్లు పెన్ను పక్కన పెట్టిన చోటు.
ఇక్కడా మనుషులకి నెత్తురు తీస్తారు,
ఊదారంగు మూత బిగించి నాకు పంపుతారు.

మొదటి గొట్టం: ఓనోఫ్రె బార్రియా, డెబ్భై నాలుగేళ్లు.
తెల్లకణాలు నలభై ఒక్క వేలు.
జ్వరం లేదు, నలత లేదు.
మోకాలి నొప్పని వెళితే బయటపడింది.

లింఫోసైటుకి మొహం ఉండదు.
మైక్రోస్కోపులో అన్నీ ఒకటే,
ముదురు గింజ, చుట్టూ గోటి అంచంత నీలం.
ఏది ఏదో తెలియాలంటే పైపొర తడమాలి.
రంగు పూసిన యాంటీబాడీలు వేసి
ఇరవై నిమిషాలు చీకట్లో ఉంచి
లేజరు ముందునుంచి ఒక్కొక్కటే పోనిస్తాను,
దొడ్డి సందులోంచి గొర్రెల్ని వదిలినట్టు.

తెర మీద చుక్కలు రాలతాయి.
టి కణాలు పైన గుమిగూడాయి,
ఒళ్లంతా సి.డి. అయిదు. అది వాటి సొత్తే.
నీడ కనబడ్డ ప్రతిసారీ ఉరకబోయే వాటికి
అది కళ్లెం.
అంత కోపం అక్కర్లేదులే, అంటుంది.

బి కణానికి పందొమ్మిది ఉండాలి. ఉంది.
అయిదు ఉండకూడదు, ఏ కొద్దిపాటి వాటికో తప్ప.
ఇక్కడ నూటికి తొంభై మూడింటికి ఉంది.
వెలిసిన ముద్రలా, పలచగా,
కానీ ఉంది.
పైగా అన్నీ కప్పా గొలుసువే, లాంబ్డా జాడే లేదు.
ఒకే తల్లి సంతు.

డాక్టరు చెప్పేశాక ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చాడు.
"యాస్నా అంటే నువ్వేనా? ఆ బొమ్మ చూపిస్తావా?"
చూపించకూడదని రూలు.
తెర కాస్త అటు తిప్పాను.

"నలభై ఏళ్లు గొర్రెల చెవులకి గాట్లు పెట్టానమ్మా.
ఎడమ చెవికి వంకీ మా దొరది.
కుడి చెవి కొస తెగితే కాలువ అవతలి వాళ్లది.
పరాయి గాటు మందలో కనబడగానే
దొంగా అని అరవకూడదు.
కంచె పడిపోయి ఉంటుంది, మంచులో దారి తప్పి ఉంటుంది.
మార్చిలో లెక్కలప్పుడు తిరిగి ఇచ్చేసేవాళ్లం."

"ఇవి బయటినుంచి రాలేదు. మీ దొడ్లో పుట్టినవే."

"మరి గాటు ఎవరు పెట్టారు?"

యంత్రం ఫ్యాను తిరుగుతూ ఉంది.
నాకు తెలిసిందల్లా చెప్పాను, అది కొంచెమే:
ఆరోగ్యంలో ఆ ముద్ర తొందరపడొద్దంటుంది,
వీటిలో అదే ముద్ర వీటిని బతికిస్తోందని
కొందరు అనుకుంటున్నారు.
ఇవి పోట్లాడవు. పరుగెత్తవు.
చావవలసిన రోజున చావవు,
వాటి తప్పల్లా అదే.

ఆయన చెయ్యి తన చెవి మీదికి వెళ్లింది,
తమ్మె తడుముకుంది, తెలియకుండానే.

"మందేం వద్దన్నాడు.
మూడు నెలలకోసారి లెక్కపెడతారట."
నవ్వాడు. ముందుపన్ను ఒకటి లేదు.
"చూస్తూ కూర్చోమని నాకు జీతమిచ్చారు ఇన్నేళ్లూ.
ఇది ఉచితం."

వెళ్లాక చూస్తే గూట్లో ఆయన ఉన్ని టోపీ.
ఈ గాలిలో నెత్తి మీద ఏమీ లేకుండా ఎలా వెళ్లాడో.

రెండో గొట్టం చిటికెన వేలంత.
రాయెన్ మన్సిల్యా, పుట్టి పదకొండు రోజులు.
ఇన్ఫెక్షన్ తగ్గడం లేదు, రోగనిరోధకం చూడమన్నారు.
యాంటీబాడీలు, చీకటి, ఇరవై నిమిషాలు.

చుక్కలు రాలతాయి.
పందొమ్మిది ఉంది. పక్కనే అయిదు.
సగానికి పైగా బి కణాల మీద
అదే పలచని గాటు,
ముసలాయన గుంపు నిలబడ్డ ఆ మూలలోనే.
కాకపోతే కప్పాలూ లాంబ్డాలూ కలిసి ఉన్నాయి,
రకరకాల తల్లుల పిల్లలు.

ఎర్ర పెట్టె గీయబోయిన మౌసు వెనక్కి తీసుకుని
రిపోర్టులో టైపు చేస్తాను:
వయసుకు తగినట్టే ఉంది.

బయట తాడు గోడకి కొట్టుకుంటోంది.